అంబాసిడరుకు పరకాయప్రవేశం

భేతాళ పంచవింశతిలో తలలు తారుమారైన కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెగిపడిన రెండు తలల్నీ తొందరపాటులో ఒకరిది మరొకరి మొండేనికి అతికించి, తీరా వాళ్ళు లేచి కూర్చున్నాక భర్త ఎవరో తెలియక ఒక ఇల్లాలు తికమకపడుతుంది. భేతాళుడు ప్రశ్న వేస్తాడు. తల ఎవరిదో మనిషీ అతడే అని విక్రమార్కుడు తీర్పు చెబుతాడు.

మోటారు వాహనాల విషయంలో మన ప్రభుత్వం కూడా విక్రమార్కుడి పద్ధతే పాటించింది, కాకపోతే తలకు బదులు వెన్నెముకను ఎంచుకుంది. ఛాసిస్ నంబరు ఏదో బండి అదే. ఇంజను నంబరు మారవచ్చు, ఆ మార్పును రిజిస్ట్రేషను పుస్తకంలో ఎక్కించుకుంటే చాలు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనే, బండిలో చేసిన మార్పును అధికారులకు తెలియజేయాలన్న నిబంధన ఉంది. అంటే బండికి గుండె మార్చటం మన దేశంలో దొంగచాటు వ్యవహారంగా మొదలవలేదు. అది అవసరంలోంచి పుట్టిన విద్య. ఆ విద్య చరిత్రను దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ల మధ్య గల్లీల్లో నిలబడి చూస్తే ఎలా కనిపిస్తుందో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా బొగ్గు బస్సులు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు, బస్సుల వెనక ఇనుప కొలిమి బిగించి, బొగ్గును అరకొర గాలితో మండించి, వచ్చిన వాయువును ఇంజనులోకి పంపేవారు. ఆ వాయువులో మండేది ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్, కొంత హైడ్రోజన్. పెట్రోలుతో వచ్చే బలం దానితో వచ్చేది కాదు. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడవటం, క్లీనరు చెమటలు కక్కుతూ కొలిమి చక్రం తిప్పటం పెద్దల జ్ఞాపకాలలో ఇప్పటికీ వినిపించే సంగతులు. ఇంధనం దొరకకపోతే బండి ఆపెయ్యటం కాదు, బండినే మార్చుకోవాలన్న ఆలోచన మనవాళ్ళకు బహుశా అప్పుడే అలవాటైంది.

తర్వాతి అధ్యాయం అంబాసిడరుది. 1958లో ఉత్తరపారా కర్మాగారంలో పుట్టిన ఈ కారుకు అసలు రూపం ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి. మొదట దీనికి 1476 సీసీల సైడ్‌వాల్వ్ ఇంజను ఉండేది. మరుసటి ఏడే, 1959లో, దాన్ని తీసేసి బీఎంసీ వారి 1489 సీసీల బీ శ్రేణి ఇంజను పెట్టారు. 1980 ప్రాంతంలో అదే కుటుంబానికి చెందిన, అదే 1489 సీసీల డీజిలు ఇంజను వచ్చింది. 1990ల తొలినాళ్ళలో జపాను వారి ఇసుజు 1817 సీసీల పెట్రోలు ఇంజను, దానితోపాటు ఐదు గేర్ల పెట్టె వచ్చాయి. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగేవరకూ ఒంటి ఆకారం పెద్దగా మారనే లేదు. యాభయ్యారేళ్ళలో ఆ ఒంట్లోకి ఎన్ని ప్రాణాలు వచ్చి వెళ్ళాయో చూడండి. పరకాయప్రవేశం మొదట చేసింది కంపెనీయే, మెకానిక్కులు ఆ దారినే నడిచారు.

వాళ్ళను నడిపించినవి రెండు కారణాలు. ఒకటి కొరత. లైసెన్సుల కాలంలో చెప్పుకోదగ్గ కార్ల తయారీదార్లు మూడే: హిందుస్థాన్, ప్రీమియర్, మద్రాసులోని స్టాండర్డ్. కొత్త కారుకు ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి కనుక ఉన్న బండి చావకూడదు. రెండవది 1973 అక్టోబరులో మొదలైన చమురు సంక్షోభం. పెట్రోలు ధర ఎగబాకింది. లారీలకూ బస్సులకూ పంపుసెట్లకూ కావాలి కనుక డీజిలును ప్రభుత్వం చౌకగా ఉంచింది. ఆ రెండు ధరల మధ్య ఉన్న ఎడంలోనే ఒక వృత్తి మొలకెత్తింది. జీపుల్లోంచి పెట్రోలు ఇంజన్లు దింపి డీజిలువి ఎక్కించారు. అంబాసిడర్లలోకి మెటడోర్ వ్యాను ఇంజన్లు కూడా ఎక్కాయి.

ఇక మన గల్లీల సంగతి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ వరుసగా విజయవాడ రహదారి మీద ఉన్నాయి. ఒకప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఈనాటి అరవై ఐదు. ఊళ్ళోకి వచ్చే బళ్ళూ, ఊరు దాటే బళ్ళూ ఆగే చోటు కనుక, షెడ్లూ లేత్ మిషన్లూ బోరింగ్ షాపులూ ఈ రోడ్డు వెంటే వెలిశాయి. ఇంకా ముందుకు వెళితే వనస్థలిపురం దగ్గర ఆటోనగర్. దొరకని సామాను కోసం సికింద్రాబాదు రాణిగంజ్ దాకా వెళ్ళాల్సి వచ్చేది. అప్పట్లో ఈ కాలనీల్లో ఇళ్ళ ముందు ఖాళీ జాగా, ఆ జాగాలో ఒక వేపచెట్టు ఉండేవి. వేపకొమ్మకు చైన్ కప్పీ కడితే అదే వర్కుషాపు.

మా ఇంటి ముందూ అలాంటి చెట్టే ఒకటి ఉండేది. నాన్నగారి 1971 నాటి అంబాసిడరుకు పెట్రోలు ఇంజను అరిగిపోగా, 1980ల చివర, తుక్కుకు పోయిన ఒక టాక్సీలోని డీజిలు ఇంజను తెచ్చి ఆ చెట్టు కిందే సిద్ధం చేశారు. అప్పుడు నేను నేర్చుకున్నది ఒకటే: ఇంజను మార్చటం ఒక పూట పని, మార్చబోయే ఇంజనును సిద్ధం చెయ్యటం నెల పని.

ఆ నెల రోజుల్లో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఈ విద్య గుట్టు అందులోనే ఉంది. ఇంజనును పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ కిరోసినుతో కడుగుతారు. ఆ పైన కొలతలు. సిలిండరు అడుగున కన్నా పైన ఎక్కువ అరుగుతుంది, గుండ్రం కాస్తా కోలగా మారుతుంది. ఈ ఇంజనులో బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. ఇందులో అరుగుదలను అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్కిస్తారు. మెకానిక్కుల భాషలో దాని పేరు ‘థౌ’. అరుగుదలను బట్టి ఇరవై థౌ, నలభై థౌ రీబోరు చేయించి, అంతే పెద్దవైన పిస్టన్లు వేస్తారు. అదీ దాటిపోతే కొత్త లైనరు దింపుతారు. క్రాంకు షాఫ్టు కూడా అంతే, కాకపోతే లెక్క తలకిందులు: దాన్ని సాన పట్టి సన్నం చేస్తారు కనుక బేరింగులు మందంగా ఉండాలి. వాల్వులను పేస్టు పూసి సీట్ల మీద ఓపికగా తిప్పుతారు. హెడ్డును చదును చేయిస్తారు. పిస్టను రింగును బోరులో పెట్టి, దాని రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూస్తారు. ఆ సందు మరీ తక్కువైతే, వేడికి రింగు సాగి బోరును గీరేస్తుంది.

పెట్రోలు బండిలోకి డీజిలు ఇంజను వెళుతున్నప్పుడు మరిన్ని లెక్కలు ఉంటాయి. పెట్రోలు ఇంజను గాలీ ఇంధనాల మిశ్రమాన్ని ఏడెనిమిదో వంతుకు కుదించి నిప్పురవ్వతో అంటిస్తుంది. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ లేదు. ఒట్టి గాలిని ఇరవయ్యో వంతుకన్నా తక్కువకు కుదించగా పుట్టిన వేడికే ఇంధనం అంటుకోవాలి. అందుకే అది బరువు, దాని అదురూ ఎక్కువే. ముందు స్ప్రింగులు కుంగుతాయి, మౌంటింగు రబ్బర్లు చిరుగుతాయి, స్టార్టు కావడానికి పెద్ద బ్యాటరీ కావాలి. మిగిలిన డీజిలు ట్యాంకుకు తిరిగి వెళ్ళటానికి ఇంకొక గొట్టం వెయ్యాలి. ఇవేవీ చూసుకోకుండా ‘పట్టింది కదా’ అని బిగించినవాళ్ళ బళ్ళు ఎల్బీనగర్ చౌరస్తా దాటకముందే ఆగిపోయేవి.

ఇతరుల సంగతి ఎందుకు, మా తొందరపాటే చెబుతాను. క్రాంకు చూడటానికి నున్నగా ఉంది కదా అని దాన్ని కొలిపించకుండానే బేరింగులు వేయించమన్నది మేమే. ఉస్తాదు వద్దని రెండుసార్లు చెప్పాడు. పండుగకు ఊరు వెళ్ళాలి, ఆగలేదు. పదిహేను రోజులు గడవకముందే అడుగు నుంచి టకటకమని చప్పుడు. మళ్ళీ వేపకొమ్మ, మళ్ళీ కప్పీ. ఇంజను కిందికి దిగాక ఉస్తాదు ఒక్క మాటా అనలేదు, మైక్రోమీటరు నాన్నగారి చేతికి ఇచ్చి “మీరే చూడండి సార్” అన్నాడు. అరిగింది మూడు థౌ. కంటికి కనిపించనంత తేడా.

రెండోసారి పద్ధతిగా చేశాక ఆ ఇంజను పాతికేళ్ళకు పైగా నడిచింది. రిజిస్ట్రేషను పుస్తకంలో కొత్త ఇంజను నంబరూ, ఇంధనం అన్నచోట డీజిలూ ఎక్కాయి.

ఆ వృత్తి ఎందుకు అంతరించింది? మూడు దెబ్బలు తగిలాయి. మొదటిది చట్టం. 2000లో 52వ సెక్షనును సవరించి, తయారీదారు నిర్ణయించిన లక్షణాలకు భిన్నంగా బండిని మార్చరాదన్నారు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వాటికి మారటానికి మాత్రం అనుమతితో వీలుంచారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్నే గట్టిగా సమర్థించింది. రెండవది ధర. పెట్రోలుపై 2010లో, డీజిలుపై 2014లో ప్రభుత్వ నియంత్రణ తొలగింది. రెండింటి మధ్య ఎడం తగ్గాక ఇంజను మార్చటంలో లాభం మిగల్లేదు. మూడవది కొత్త ఇంజన్ల స్వభావం. కంప్యూటరుతో నడిచే ఇంజను, తనకు తెలియని బండిలోకి వెళితే అసలు మేలుకోదు. దీనికితోడు ఊరూ మారింది. 2018 సెప్టెంబరు నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడుస్తోంది. ఖాళీ జాగాలు అపార్టుమెంట్లయ్యాయి. మా వేపచెట్టూ పోయింది.

చట్టాన్ని తప్పుపట్టటం లేదు. బ్రేకులూ స్ప్రింగులూ పట్టించుకోకుండా పెద్ద ఇంజన్లు ఎక్కించి, రోడ్డు మీద తోటివారి ప్రాణాల మీదికి తెచ్చినవారూ ఉన్నారు. పొగ సంగతి సరేసరి. నా బాధ వేరు. 2021లో వింటేజి వాహనాలకు కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండికి గౌరవంగా ప్రత్యేక నంబరు ఇస్తారు, కానీ అది అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌కో ఒంటికో ఇంజనుకో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. అంటే ఏ సంపన్నుడి షెడ్డులోనో కదలకుండా పడి ఉన్న కారు చరిత్ర అవుతుంది. ఇంజను మార్చుకుని, ఇంటిల్లిపాదినీ పెళ్ళిళ్ళకూ ఆసుపత్రులకూ మోసి బతికి బట్టకట్టిన కారు చరిత్ర కాకుండా పోతుంది.

పాత పెట్రోలు బీ శ్రేణి ఇంజను ఎక్కడైనా వెతికి పట్టుకుని, సిద్ధం చేసి, బండిని ‘అసలు’ రూపానికి తెమ్మని కొందరు మిత్రులు సలహా ఇస్తున్నారు. చెయ్యవచ్చు. కానీ అలా చేస్తే, కొరత కాలంలో ఒక మధ్యతరగతి కుటుంబమూ ఒక ఉస్తాదూ కలిసి వెయ్యో వంతు అంగుళాలు కొలిచి నిలబెట్టిన చరిత్రను చెరిపేసి, దాని స్థానంలో కంపెనీ కరపత్రాన్ని అతికించినట్టవుతుంది. ఇంగ్లండు ఒంట్లో ఇంగ్లండు ఇంజను ఉండటంలో మన గొప్ప ఏముంది? ఆ ఇంజనును ఇక్కడ విప్పి, కొలిచి, మళ్ళీ బతికించటంలోనే మన చెయ్యి ఉంది.

విక్రమార్కుడు తలను చూసి తీర్పు చెప్పాడు, చట్టం ఛాసిస్‌ను చూసి చెబుతోంది. మా బండి మాత్రం డీజిలు గుండెతోనే ఉంది. ఉంటుంది కూడా. మీ ఇళ్ళలోనూ ఇలా గుండె మారిన బళ్ళు ఉండి ఉంటే, వాటిని సిద్ధం చేసిన చేతుల గురించి ఎక్కడైనా రాసిపెట్టండి. ఆ చేతులకు రిజిస్ట్రేషను పుస్తకంలో చోటు లేదు.