పూల వాసన నూనెకెక్కిన కథ

ఏటా ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు చదువుకుంటాం. ఈసారి మా గ్రూపు తరపున ఒక పాత చరిత్ర రాస్తున్నాం. అది పూల వాసన గురించి. కొంత మన జిల్లాలోనే జరిగింది.

మా గ్రూపులో పదిమందిమి ఉంటే నలుగురు పూలు కట్టి అమ్ముతారు. వేసవిలో మల్లెలు ఎక్కువగా దిగిన రోజున చీకటిపడే సరికి మూర ధర పడిపోతుంది. మిగిలిన పూలు తెల్లారేసరికి రంగు మారి చెత్తకుప్పకు పోతాయి. ఆ పూలు కొన్న డబ్బు గ్రూపులో తీసుకున్న అప్పే. ఊరికే పారేయడమెందుకు, అత్తరు చేద్దామనుకున్నాం. కుక్కర్లో నీళ్లు, పూలు వేసి, విజిల్ దగ్గర గొట్టం తగిలించి ఆవిరి పట్టాం. వచ్చిన నీళ్లు ఉడికిన తోటకూర వాసన కొట్టాయి. ఎక్కడ తప్పు చేశామో తెలుసుకుందామని అడుగుతూ, చదువుతూ పోతే ఈ సంగతులు తెలిశాయి.

కొండవీటి పరిమళాలు

కొండవీడు మన పల్నాడు జిల్లాలోనే, యడ్లపాడు మండలంలో ఉంది. 1325లో మొదలైన రెడ్డి రాజ్యానికి తర్వాత అదే రాజధాని అయింది. అక్కడ 1386 నుంచి 1402 దాకా ఏలిన కుమారగిరి రెడ్డికి వసంతోత్సవాలంటే ప్రాణం. ఆ ఉత్సవాల్లో కర్పూరం, కస్తూరి, జవ్వాది, పన్నీరు ధారాళంగా వాడేవారు. ఆయనకు కర్పూర వసంతరాయలు అన్న పేరు అందుకే వచ్చింది. ఆ సుగంధ సరుకులు తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ్య శెట్టి. శ్రీనాథ మహాకవి హరవిలాసం కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

కస్తూరి జింక నుంచి వస్తుంది, జవ్వాది పునుగు పిల్లి నుంచి, కర్పూరం చెట్టు నుంచి. ఇవి ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసినా చెడవు. మల్లెపూవుకు మాత్రం ఒక్క రాత్రే ఆయుష్షు. దూరదేశపు సరుకు తెచ్చిన శెట్టిగారి పేరు కావ్యంలో నిలిచింది. ఉత్సవానికి తెల్లవారుజామునే పూలు కోసిన, దండలు కట్టిన ఆడవాళ్ల పేర్లు మాకు ఎక్కడా కనపడలేదు.

వాసనను పట్టే దారులు

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ ఊరు అత్తరుకు పేరు. అక్కడ రాగి పాత్రలో గులాబీలు, నీళ్లు వేసి మూత చుట్టూ మట్టి మెత్తి కాస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా చల్లని నీళ్లలో ఉంచిన ఇంకో పాత్రలోకి పోతుంది. అందులో ముందే పోసి ఉంచిన మంచిగంధం నూనె ఆ వాసనను పట్టుకుంటుంది. గులాబీ ఆ వేడికి తట్టుకుంటుంది. మల్లె, జాజి మరీ సున్నితం. మా కుక్కర్లో జరిగింది అదే.

మల్లెకు ఇంకో గుణం ఉంది. మొగ్గగా కోసినా సాయంత్రం విచ్చుకుని, రాత్రంతా కొత్త వాసన పుట్టిస్తూనే ఉంటుంది. అందుకని నిప్పు జోలికి పోకుండా, దాని పక్కన జిడ్డు పదార్థం ఉంచితే చాలు, వాసన అందులోకి దిగుతుంది. ఫ్రాన్స్ దేశంలో గ్రాస్ ఊరివాళ్లు గాజు పలకల మీద కొవ్వు రాసి, దానిపై మల్లెజాతి పూలు పరిచి, రోజూ పాతవి తీసి కొత్తవి వేసేవారు. మన దేశంలో కొవ్వుకు బదులు నువ్వులు వాడారు. నువ్వులు ఒక పొర, పూలు ఒక పొర వేసి, వాసన పట్టాక ఆ నువ్వులను గానుగాడేవారు.

మేం చేసిన పని

నువ్వులు కడిగి, పొట్టు తీసి, బాగా ఎండబెట్టాం. పొద్దుగూకాక వెడల్పాటి పళ్లెంలో నువ్వులు, వాటిపై అమ్ముడుపోని మొగ్గలు పొరలుగా పరిచి, పల్చని గుడ్డ కప్పాం. పొద్దున్నే జల్లించి పూలు తీసేశాం. ఇలా ఏడు రాత్రులు. పూలకు తడి ఉండకూడదు. నీళ్లు చల్లిన పూలు వేసిన ఒకరింట్లో నువ్వులు బూజు పట్టాయి, అవి పారేయాల్సి వచ్చింది.

కిలో నువ్వులు తీసుకుపోతే గానుగాయన ఆడనన్నాడు, గానుగ నిండాలి కదా. తలా ఒక కిలో పైచిలుకు కలిపితే పది కిలోలయ్యాయి. ముందు వేరుశనగలు ఆడి ఉంటే ఆ వాసన కలుస్తుందని గానుగ శుభ్రం చేయించాం. నాలుగు లీటర్లకు కాస్త తక్కువగా నూనె వచ్చింది. అత్తరంత ఘాటు లేదు. తలకు రాస్తే మాత్రం మల్లెలు పెట్టుకున్నట్టే ఉంది.

మా గ్రూపులో ఒక అక్క చిన్నప్పటి నుంచీ పూలు కడుతుంది. భర్త పోయాక తలలో పువ్వు పెట్టుకోవడం మానేసింది, ఊరు మాన్పించింది. రోజూ వందల మూరలు ఆమె చేతుల మీదుగా పోతాయి. మొదటి సీసా ఆమెకే ఇచ్చాం. "నూనేగా, ఎవరేమంటారులే" అంటూ మీటింగులోనే కొంచెం తీసి తలకు రాసుకుంది. ఆ రోజు మినిట్స్ పుస్తకంలో ఈ సంగతి రాయలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాం.

ప్రస్తుతానికి ఈ నూనె మా ఇళ్ల వరకే. సీసాల్లో పోసి అమ్మాలంటే ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు తీసుకోవాలి. ఒక్క గ్రూపుకు అది భారం, సమాఖ్య పూనుకుంటే తేలిక. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కోరుతున్నాం. ఈలోగా ఇంట్లో చేసి చూడాలనుకునే అక్కలు మల్లెల కాలంలో మా దగ్గరికి రండి, దగ్గరుండి చూపిస్తాం.