ఉద్వేగ ప్రజ్ఞ ఎవరికి లోపించింది?

విశ్వవిద్యాలయ విద్యార్థుల మనోవేదన చర్చకు వచ్చినప్పుడల్లా 'ఉద్వేగ ప్రజ్ఞ' అనే మాట వినిపిస్తోంది. తన ఉద్వేగాలను గుర్తించడం, అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారి మనసు గ్రహించడం - ఈ శక్తులన్నిటికీ కలిపి పెట్టిన పేరది. 1990లో అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ ఆ భావనకు రూపమిచ్చారు. 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన పుస్తకంతో అది వ్యాపార సంస్థల శిక్షణ తరగతుల దాకా పోయింది. భావన తప్పు కాదు. దాన్ని సమాజంతో సంబంధం లేని ఒంటరి మనిషి గుణంగా చూపడమే తప్పు.

గోదావరిఖనినే చూద్దాం. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఈనాడు ఆ సంఖ్య 40 వేల ప్రాంతానికి పడిపోయింది. తండ్రి దిగిన బాయిలో కొడుక్కీ పని దొరుకుతుందన్న ధీమా సడలింది. చదువే దిక్కయింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఆ ఏడే కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే తరం బయలుదేరింది. ఆ పిల్లలు మోస్తున్నది పుస్తకాల సంచి ఒక్కటే కాదు, ఇంటిల్లిపాది ఆశ. వారి ఆందోళనను వ్యక్తిత్వ లోపమని ఎలా అనగలం?

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల విషయం గుర్తు చేసుకోవాలి. అంబేద్కర్ విద్యార్థి సంఘంలో పనిచేసిన ఆ పరిశోధక విద్యార్థిని మరి నలుగురితో పాటు హాస్టలు నుంచి వెలివేశారు. చివరి ఉత్తరంలో ఆయన ఎవరినీ నిందించలేదు. తన మరణానంతరం మిత్రులనూ శత్రువులనూ ఇబ్బంది పెట్టవద్దన్నాడు. తనకు రావలసిన 7 నెలల ఫెలోషిప్ గురించి రాశాడు. తన మనసునూ పరుల మనసునూ అంతగా ఎరిగినవానికి ఉద్వేగ ప్రజ్ఞ లోపించిందని ఎవరనగలరు? లోపించింది ఫెలోషిప్, హాస్టలు గది, గౌరవం.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అదే ఏడాది 14416 నంబరుతో టెలి మానస్ సహాయ సేవ మొదలయింది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న, వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హుడైన సలహాదారు ఉండాలని ఆదేశించింది. ఇవి కావలసినవే. దుఃఖంలో ఉన్నవారికి వినే మనిషి తక్షణం దొరకాలి. కాని అంతటితో చాలదు.

బాయిలో పనిచేసేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తలకు టోపీ ఉంది గదా అని కప్పు సంగతి ఎవరూ మరచిపోరు. కప్పు తట్టి చూస్తారు. బోలుగా మోగితే ఊతలు నిలబెడతారు. విద్యార్థికి మనోధైర్యం నేర్పడం టోపీ ఇవ్వడం వంటిది. ఫెలోషిప్ వేళకు అందించడం, వివక్షను అరికట్టడం, చదివినవానికి పని చూపడం - ఇవి ఊతలు. మన విశ్వవిద్యాలయాలు టోపీలు పంచుతున్నాయి. కప్పు తట్టి చూసేదెవరు?