నూరు రూపాయలకు నాలుగు నెలలు

తడ నుంచి రోజూ బస్సెక్కి కోర్టుకు పోయి, ఫైళ్లు మోసి, చలానాలు రాసి బతికిన వకీలు గుమాస్తాను నేను. సెక్షన్లకన్నా వాటి కింద ఇచ్చే ఉదాహరణలే నాకు బాగా గుర్తుంటాయి. 1860 నాటి శిక్షాస్మృతిలో 69వ సెక్షన్ కింద ఒకటుండేది. ఒకడికి నూరు రూపాయల జరిమానా వేశారు, కట్టకపోతే నాలుగు నెలల ఖైదు. మొదటి నెల నిండేలోపు 75 రూపాయలు కడితే, నెల నిండగానే వదిలేయాలి. అంటే మిగిలిన పాతిక రూపాయలకు మనిషి ఒక నెల లోపలుండి బాకీ తీర్చాడన్నమాట. ఆ ధర చట్టంలోనే అచ్చేశారు.

జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరాలకు 67వ సెక్షన్‌లో వేరే లెక్క ఉండేది. 50 రూపాయల దాకా రెండు నెలలు, నూరు దాకా నాలుగు, ఆపైన ఎంతైనా ఆరు నెలలు మించకూడదు. నూటొక్క రూపాయి కట్టలేనివాడికీ పదివేలు కట్టలేనివాడికీ హద్దు ఒక్కటే. తెల్లదొరల కాలంలో మా పులికాట్ సరస్సు ఒడ్డున పేరుకున్న ఉప్పు ఇంటికి పోగుచేసుకున్నా నేరమే. అలాంటివాళ్ల చేతిలో 50 రూపాయలెక్కడివి?

పన్ను కట్టకుండా పట్టుబట్టి జైలుకు పోయినవాళ్లూ ఉన్నారు. 1921లో చీరాల–పేరాలలో మునిసిపల్ పన్ను కట్టం పొమ్మన్నవాళ్లు అలాగే పోయారు. వాళ్లది పంతం, అందుకే చరిత్రకెక్కారు. కట్టలేక పోయినవాళ్ల పేర్లు సబ్ జైలు రిజిస్టర్లు దాటలేదు.

అసలు వింత సివిల్ పక్కన ఉంది. వెనకటికి అప్పు తీర్చనివాణ్ణి కోర్టు అమీనా పట్టుకొచ్చి సివిల్ జైలులో పెట్టించేవాడు. ఖైదీ తిండికి బత్తెం మాత్రం డిక్రీ తెచ్చుకున్న షావుకారే కట్టాలి. కట్టడం మానేస్తే ఖైదీ బయటికొచ్చేస్తాడు. సొంత డబ్బుతో బాకీదారుణ్ణి మేపలేక ఎందరు షావుకార్లు వెనక్కి తగ్గుంటారో! 1936లో సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్‌కు ఒక షరతు చేర్చారు. బాకీదారుకు కట్టే తాహతు ఉండి ఎగ్గొడుతున్నాడనో, మోసం చేస్తున్నాడనో కోర్టుకు నమ్మకం కుదిరితే తప్ప జైలుకు పంపకూడదు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని ఇంకా బిగించారు. ఉత్త పేదరికానికి జైలు లేదన్నారు. ఈ రోజు రెండువేలు మించని డిక్రీకి అసలు సివిల్ జైలే లేదు.

షావుకారు బాకీకి ఇన్ని ప్రశ్నలు అడిగే చట్టం, సర్కారు బాకీ అయిన జరిమానా దగ్గరికొచ్చేసరికి, కట్టే తాహతు ఉందా అన్న ప్రశ్నను తప్పనిసరి చేయలేదు. నేను తిరిగిన కోర్టుల్లో పెట్టీ కేసులు ఇలా నడిచేవి. పేకాటలోనో, తాగి గొడవచేసో దొరికిన లారీ క్లీనరు నేరం ఒప్పుకుంటాడు. బెంచి మీద నుంచి జరిమానా, కట్టకపోతే ఇన్ని రోజులు అని వినపడుతుంది. వాడు లుంగీ మడత విప్పి, చెమటకు తడిసిన నోట్లు బల్ల మీద పరుస్తాడు. చాలవు. వరండాలో ఉన్న తోటి డ్రైవరు జేబులు తడుముకుంటాడు. ఎస్కార్టు కానిస్టేబుల్ గడియారం చూసుకుంటూ, “ఏందయ్యా, కడతావా, పోదామా?” అంటాడు.

నిజానికి అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 424వ సెక్షన్ ప్రకారం, జరిమానా ఒక్కటే శిక్షయితే, బాండు రాయించుకుని 30 రోజులు గడువియ్యొచ్చు. రెండు మూడు వాయిదాల్లో కట్టమనొచ్చు. అడిగేవాడుంటే కదా! అలాంటి కేసుల్లో వకీలును పెట్టుకునేవాళ్లు తక్కువ.

2007లో శాంతిలాల్ కేసులో సుప్రీంకోర్టు, ఈ ఖైదు నేరానికి వేసిన శిక్ష కాదు, జరిమానా కట్టనందుకు పడే దండన అంది. ముద్దాయి స్థితిగతులు చూడమంది. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత అంకెలను పెంచింది. ఇప్పుడు 5,000 దాకా రెండు నెలలు, 10,000 దాకా నాలుగు. ఆపైన మాత్రం పాత ఆరు నెలల హద్దును ఏడాది చేసింది. కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవ పెట్టడం మంచిదే. ఏడాది చేయడం మాత్రం వెనకడుగే అంటాను. 1936లో షావుకారుకు పెట్టిన షరతే సర్కారూ తనకు పెట్టుకోవాలి.

అది జరిగేదాకా ఒక దారుంది. 2023లో కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. దాని కింద శిక్షపడినవాడి జరిమానా 25,000 దాకా ప్రభుత్వమే కడుతుంది.  మీకు తెలిసినవాళ్లెవరైనా జరిమానా డబ్బుల్లేక లోపలుంటే, జైలు సూపరింటెండెంటుకూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకూ ఇవాళే తెల్లకాగితం మీద అర్జీ రాసివ్వండి.