ఏ జాబితాలోనూ లేని ఖరాదు

మా చరిత్ర రాయబూనిన ప్రతివాడూ కోట దగ్గరే మొదలుపెడతాడు. ఉదయగిరి కోట, ఆర్కాటు నవాబులు, వాళ్ళ శిస్తులు, వాళ్ళ యుద్ధాలు. నెల్లూరు ట్రంకురోడ్డు పక్క మెట్లకింద గాజుపెట్టె ముందేసుకుని, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న సాయిబుకి ఆ నవాబులు ఏమవుతారు? ఏమీ కారు. అయినా నవాబుల పాపపుణ్యాలన్నీ మా మెడకి కట్టినవాళ్ళే, ఈ సాయిబు హునర్‌కి ఒక చరిత్ర ఉందంటే నవ్వుతారు.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగులో గడియ, గడియారం. ఉర్దూలో ఘడీ, ఘడియాల్. అన్నీ సంస్కృత ఘటిక బిడ్డలే. అడుగున చిల్లున్న గిన్నెను నీళ్ళమీద వదిలితే, అది నిండి మునిగేంతసేపు ఒక గడియ. అంటే 24 నిమిషాలు, రోజుకి 60 గడియలు. ఈ లెక్కనీ, కంచుపళ్ళెం కొట్టి గడియలు చెప్పే ఘడియాలీలనీ బాబరు తన జ్ఞాపకాల్లో శ్రద్ధగా రాసుకున్నాడు. గడియారం బాగుచేసేవాణ్ణి మేం గడీసాజ్ అంటాం. అందులో ఘడీ ఈ నేలది, సాజ్ ఫార్సీది. అతని బల్లమీది చిన్న మిషను పేరు ఖరాదు. అదీ ఫార్సీదే. తెలుగులో తరిమెన అన్నారు. ఇప్పుడందరికీ లేతు. ‘మీరెక్కడివాళ్ళు?’ అని మమ్మల్ని అడిగేవాళ్ళు ఈ మాటల్ని కూడా ఒకసారి అడిగి చూడాలి.

గడియారాలు బాగుచేసేవాడికి లేతు ఎందుకు? పాత చేతిగడియారం గుండెకాయ బేలన్సు చక్రం. అది ఒక సన్నటి ఉక్కు ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంది. చాలా గడియారాల్లో గంటకి 18,000 ఊపులు, రోజుకి 4,32,000. ఆ ఇరుసు కొన మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. గడియారం చేయిజారి గచ్చుమీద పడితే ముందు విరిగేది అదే. దెబ్బ తట్టుకునే ఇంకాబ్లాక్ అమరిక 1934లో స్విట్జర్లాండులో వచ్చింది గానీ, అది అందరి గడియారాలకీ చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా స్వాతంత్య్రం వచ్చింది, దిగుమతులకి పగ్గాలు పడ్డాయి. స్విస్ గడియారానికి విడిభాగం కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? దొరకదు. ఉస్తాద్ ఉక్కుకడ్డీ తీసుకుని, కాల్చి గట్టిచేసి, మళ్ళీ నీలిరంగు వచ్చేదాకా కాచి, లేతుమీద తిప్పి కొత్త ఇరుసు తీసేవాడు. దాన్ని రిపేరు అంటారా? అది తయారీ.

ఈ లేతుకీ ఒక చరిత్ర ఉంది. మొదట్లో యూరపు గడీసాజులు కూడా మన పాతకాలపు తరిమెనలాగే విల్లుతాడుతో తిప్పారు. చేయి ముందుకెళ్తే కోత, వెనక్కొస్తే వట్టి తిరుగుడు. అమెరికాలో వాల్తమ్ గడియారాల ఊరు. 1880ల చివర్లో అక్కడి అమెరికన్ వాచ్ టూల్ కంపెనీ వెబ్‌స్టర్-విట్‌కూంబ్ నమూనా లేతు తెచ్చింది. బల్లమీద మూరెడు స్థలం చాలు. పనిముక్కను పట్టుకునేందుకు 8 మిల్లీమీటర్ల కాలెట్లు. జర్మనీలో బోలే, లార్చ్ కంపెనీలు అదే దారి పట్టాయి.

మా తీరానికి గడియారం అవసరం రైలుతో పెరిగింది. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకి రైలుదారి కలిసింది. రైళ్ళు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే టైము వచ్చింది. కచేరీకీ, బడికీ, గూడూరు అభ్రకం గనులకీ గంట కావాలి. గడియారమైనా పనిముట్టైనా మద్రాసు నుంచే రావాలి. డబ్బున్నవాళ్ళకి మౌంట్‌రోడ్డులో పి. ఆర్ అండ్ సన్స్, లేనివాళ్ళకి పాతసామాన్ల మూర్ మార్కెట్. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయింది.

బి.ఏ. చదివి పత్రికల్లో పడ్డ నాకు లేతుతో ఏం పని? ఒక ఉస్తాద్ అంగడి మూసేశాడు. కొడుకులు సామాను తూకానికి వేస్తుంటే నేను లేతు కొన్నాను. పాత బోలే. మూర్ మార్కెట్‌లో తెచ్చిందని ఆయన చెప్పాడు. ‘బేటా, పేరు చూసి కొనమాకు, మొనలు చూసి కొను’ అన్నాడు. రెండు వైపుల సూదిమొనలూ ఎదురెదురుగా తెస్తే ఒకదాని నెత్తిన ఒకటి కూర్చోవాలి. తిరిగే కడ్డీని వేలితో కదిపితే ఊగకూడదు. కాలెట్ మర లోపలి లాగుకడ్డీకి కలవాలి, కొలత ఒకటే అయినా ఒక్కోసారి ఒక కంపెనీది మరొకదానికి పట్టదు. కాలెట్ మీది అంకె మిల్లీమీటరులో పదోవంతుల లెక్క, 10 అంటే ఒక మిల్లీమీటరు. మైపాడు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఉక్కు నిలవదు, రోజూ నూనెగుడ్డ పెట్టాల్సిందే. తిప్పడానికి కుట్టుమిషను మోటారు చాలు. ఇదంతా ఆయన నోటితో చెప్పిందే. నేను తీసిన మొదటి ఇరుసు ఒక గడియారంలో నిలబడేసరికి నెలలు పట్టింది. ఆ నెలల్లోనే ఈ పనికి ఎంత చదువు కావాలో తెలిసొచ్చింది.

మరి ఈ చదువు ఎందుకు పోయింది? 1961లో సిటిజన్ సహకారంతో హెచ్.ఎం.టి. బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టింది. విడిభాగాలు దొరికాయి, ఇరుసు తీసే పని తగ్గింది. 1969 డిసెంబరులో సీకో క్వార్ట్జ్ చేతిగడియారం తెచ్చింది. అందులో బేలన్సు చక్రమే లేదు. 1980లకి అది మా బజార్లకీ వచ్చింది. 1942లో అలాదీన్ కంపెనీ, నిజాం పారిశ్రామిక నిధి కలిసి పెట్టిన హైదరాబాదు ఆల్విన్ కూడా సీకోతో కలిసి వాచీలు చేసి, ఆ తర్వాత కనుమరుగైంది. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూతకి 2016లో కేంద్రం ఒప్పుకుంది. కంపెనీలు పోతే వార్త అయింది. మెట్లకింద గాజుపెట్టె పోతే ఎవరు రాశారు?

ముస్లింలు ఎక్కువగా సొంత చిన్నపనుల మీదే బతుకుతున్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. 2007లో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషను వచ్చినప్పుడు వృత్తుల పేర్లే జాబితాకెక్కాయి. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, రాళ్ళు కొట్టే తురక కాశ, ఖురేషీలు. దూదేకులవాళ్ళు అంతకుముందే బి.సి.-బి. గడీసాజ్ అందులో లేడు. ఉండడు కూడా. ఈ పని కులంగా గట్టిపడలేదు. నేను చూసిన అంగళ్ళలో షేకు పిల్లవాడు, దూదేకుల పిల్లవాడు, కంసాలి పిల్లవాడు ఒకే బల్ల దగ్గర నేర్చుకున్నారు. అది దాని గొప్ప. అదే దాని శాపం కూడా. షేకుగా అతనికి రిజర్వేషను ఉండొచ్చు, గడీసాజ్‌గా చోటు లేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగం, కమ్మరం, దర్జీపని, తాళాల పని, వలలు అల్లే పని కూడా ఉన్నాయి. మిల్లీమీటరులో పదోవంతు ఇరుసు తీసేవాడు చేతిపనివాడు కాకపోయాడు!

అందుకే మాకు కోటల చరిత్ర చాలదు. కావలిలో, గూడూరులో, నెల్లూరులో ఖరాదు పట్టిన ముసలి ఉస్తాదులు ఇంకా కొందరున్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, లేతు ఎంతకి కొన్నారు, ఎవరికి నేర్పారు — ఇప్పుడే అడిగి రాసుకోవాలి. వాళ్ళ లేతులు తూకానికి పోకముందే.