పట్టుకుంటే వదలని పళ్ళెం

మా అపార్టుమెంటు సెల్లారులో ఒక మూల మా పాత కారు ఉంటుంది. 2003లో మావారు కొన్నారు. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే, అదీ ఈ మాదాపూర్ రోడ్ల మీదే. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు సుమండీ! సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజపేయిగారు 1998 నవంబరు 22న ప్రారంభించారు. ఆ తర్వాత ఐదేళ్ళయినా ఆదివారం పొద్దున్న మేం వెళ్ళే దారుల్లో బండరాళ్ళూ, మేకలూ, మేమిద్దరమూను. "గేర్ల సంగతి తర్వాత. ముందు ఆపడం నేర్చుకో" అనేవారు. 2018లో ఆయన వెళ్ళిపోయారు. కారు మిగిలింది.

2020లో లాక్‌డౌన్ వచ్చి మా అబ్బాయి ఆఫీసు కాస్తా మా భోజనాలబల్ల మీదికి చేరింది. కారు నెలల తరబడి కదల్లేదు. ఆ అక్టోబరు వానలు హైదరాబాదు వాళ్ళెవరూ మర్చిపోరు. మా సెల్లారులో రెండు రోజులు నీళ్ళు నిలిచాయి. తర్వాత కారు తీస్తే, బ్రేకు తొక్కినప్పుడల్లా పెడలు అరికాలి కింద దడదడమంటుంది. ముందు చక్రాల డిస్కులు తుప్పుతిని గరుకెక్కిపోయాయన్నాడు మెకానిక్కు.

"పాత ఇనుము కింద అమ్మేద్దామమ్మా" అన్నాడు అబ్బాయి.

నేనేమీ అనలేదు. కాని నా మొహం చూశాడు కాబోలు, సాయంత్రానికి కొత్త డిస్కులు తెప్పించి, "నేనే మారుస్తాలే, గంట పని" అన్నాడు.

ఆ గంట రెండు ఆదివారాలు పట్టింది. నట్లు వదులు చేసి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డంపెట్టి, జాకీ ఎత్తి, దానికి తోడు స్టాండు కూడా పెట్టి చక్రం తీశాడు. క్యాలిపర్ని విప్పి, దాని గొట్టం లాగకుండా తీగతో పైకి కట్టాడు. ఇక డిస్కు ఊడి రావాలి. రాదే! సుత్తితో కొట్టాడు. ఇనప పళ్ళెం ఖంగుఖంగుమందే గాని వెంట్రుకవాసి కదల్లేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి, వచ్చే ఆదివారం చూద్దామని లేచాడు.

ఇంత మొండిదాన్ని ఎవరు కనిపెట్టారా అని ఆ వారమంతా చదువుతూ కూచున్నాను. తీరా చూస్తే బ్రేకుల కథ మొదట్లో ఒక ఇల్లాలే ఉంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మోటారు బండిని ఆయనకి చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని పుట్టింటికి బయలుదేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి నూరు కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం కారులో అంతకుముందు ఎవరూ వెళ్ళలేదు. ఇంధనం గొట్టంలో నలుసు అడ్డుపడితే టోపీ పిన్నుతో తీసిందట. దిగుడు దారుల్లో బ్రేకు దిమ్మలు అరిగిపోతే, దారిలో ఒక చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది. బ్రేకులకి లైనింగు వేయడం అలా మొదలైందన్నమాట.

తర్వాత 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, కొండ దారుల్లో బళ్ళవాళ్ళు బ్రేకుకి పాత బూట్లు కట్టుకోవడం చూసి, అంతకంటే మంచి లైనింగు తయారీకి పూనుకున్నాడు. తన పేరులోని అక్షరాలు అటూ ఇటూ మార్చి, భార్య ఎలిజబెత్ పేరులోంచి ఒక అక్షరం చేర్చి దానికి 'ఫెరోడో' అని పేరు పెట్టాడు. ఒక్క అక్షరమైనా ఇచ్చాడు, సంతోషం!

డిస్కు బ్రేకుకి 1902లో పేటెంటు తీసుకున్నది బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్. కాని ఆయన వాడిన రాగి అచ్చులు చెవులు చిల్లులు పడేలా కీచుమనేవి. ఆనాటి మట్టిరోడ్ల దుమ్ముకి ఇట్టే అరిగిపోయేవి. జనం డ్రమ్ము బ్రేకులకే మొగ్గారు. నిజానికి మొదట్లో బ్రేకుల మీద ఎవరికీ అంత పట్టింపు లేదు. మన చౌమహల్లా ప్యాలెస్‌లో పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిస్తే, 1911లో ఆయన పోయాక 1912లో తయారైంది. లోపల సింహాసనంలాంటి ఆసనం. ముందు చక్రాలకి మాత్రం బ్రేకులే లేవు! ఆ కంపెనీ నాలుగు చక్రాలకీ బ్రేకులు పెట్టింది 1920లు వచ్చాకే. ఊరేగింపు బండికి ఆ తొందరేముంది లెండి.

డిస్కుకి పేరు తెచ్చింది 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెం. ఇరవైనాలుగు గంటలు ఆగకుండా సాగే ఆ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచింది. కారణం మన వంటింట్లోనే ఉంది. డ్రమ్ము అంటే మూతపెట్టిన గిన్నె, రాపిడి వేడి లోపలే ఉండిపోతుంది, వేడెక్కిన కొద్దీ పట్టు తప్పుతుంది. డిస్కు అంటే సాసర్లో పోసిన ఇరానీ చాయ్, నాలుగువైపులా గాలి తగిలి చల్లారిపోతుంది. మన అంబాసిడర్లు చాలాకాలం నాలుగు డ్రమ్ములతోనే నడిచాయి. తర్వాత చిన్న కార్లకి కూడా ముందు చక్రాలకి డిస్కులు వచ్చేశాయి.

కాని గాలి తగిలే చోట వానా తగులుతుంది. ఇనుము తుప్పుపడితే ముందున్న దానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. డిస్కుకీ, అది కూర్చునే హబ్బుకీ మధ్య సందులో ఆ తుప్పు ఉబ్బి మేకులా బిగుసుకుంటుంది. మా ఇంట్లో జరిగింది అదే.

రెండో ఆదివారం నేను ఊరుకోలేక, "స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే లోపల చన్నీళ్ళు పోసి బయట వేణ్ణీళ్ళలో పెడతాం కదురా" అన్నాను. నవ్వాడు గాని కెటిల్తో మరిగే నీళ్ళు తెచ్చి పోశాడు. ఏమీ కాలేదు. ముక్క వాసన వచ్చింది, అంతే. సరే, తడిసింది కదాని పాత గుడ్డతో తుడుస్తున్నాను. దుమ్ము ఊదొద్దన్నాడు వాడు, పాత బ్రేకుల దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదట. తుడవగా తుడవగా, పళ్ళెం మీద తుప్పుతో పూడిపోయిన రెండు చిన్న రంధ్రాలు కనిపించాయి.

"ఒరేయ్, ఇవేమిట్రా? వీటికి మర లేదూ?"

వాడు కిందికి వంగి చూశాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ రంధ్రాలు శుభ్రంచేసి రెండు బోల్టులు తెచ్చి ఎక్కించాడు. ఇటు పావుచుట్టు, అటు పావుచుట్టు. బోల్టులు వెనకనున్న హబ్బుని నెడుతుంటే పళ్ళెం ముందుకి రావాలన్నమాట. నాలుగోసారో అయిదోసారో 'టక్'మని ఊడి వాడి చేతిలో పడింది. ఇరవై ఏళ్ళకి ఇది ఇరుక్కుంటుందని కారు చేసినవాళ్ళకి ముందే తెలుసు. దారి కూడా అక్కడే పెట్టి ఉంచారు. మేమే సుత్తి పట్టుకున్నాం.

హబ్బు మీది తుప్పు ఇనప బ్రష్షుతో రాల్చి, పల్చగా గ్రీజు పూసి కొత్త డిస్కు పెట్టాడు. రెండోవైపుది అరగంటలో అయిపోయింది. కారు కదపకముందే పెడలు గట్టిపడేదాకా నా చేత తొక్కించాడు.

మర్నాడు తెల్లారకుండానే దుర్గం చెరువు తీగల వంతెన దాకా వెళ్ళాం. కొత్త డిస్కులు కుదురుకోవాలంటే ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఆపుతూ వెళ్ళాలట. స్టీరింగు నా దగ్గర. పక్కసీట్లో మా అబ్బాయి. నేను ప్రతిసారీ బ్రేకు తొక్కేలోపే వాడి కుడికాలు వాడి ముందున్న నేలని నొక్కుతూనే ఉంది, అచ్చం వాళ్ళ నాన్నలాగే.