పారిస్ తత్త్వవేత్త, మన తెలుగు ఆచార్యుడు

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 5వ తేదీన బహ్రెయిన్‌లోని భారతీయ పాఠశాలల్లో మన పిల్లలు ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటారు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎవరని అడిగితే మన రాష్ట్రపతి అని, గొప్ప ఉపాధ్యాయుడు అని టక్కున చెబుతారు. అయితే ఆయన ఆలోచన ఎలా రూపుదిద్దుకున్నది, ఎవరిని చదివి ఎవరితో వాదించి ఆయన అంతటివాడయ్యాడు అన్న సంగతి పెద్దలలో కూడా చాలామందికి తెలియదు. ఆ కథలో ముఖ్యమైన పాత్ర ఒక ఫ్రెంచి తత్త్వవేత్తది. ఆయన పేరు హెన్రీ బెర్గ్‌సన్. పరదేశంలో ఉంటూ సొంత సంస్కృతిని నిలుపుకోవాలని తాపత్రయపడే మనబోటి వారికి ఈ కథలో నేర్చుకోదగినది చాలా ఉంది.

నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి ఇంటిపేరుగా గల తెలుగు కుటుంబంలో, తిరుత్తణిలో 1888లో రాధాకృష్ణన్ జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివే రోజుల్లో, వేదాంతంలో నీతికి చోటు లేదని, అది ప్రపంచాన్ని మాయగా కొట్టిపారేస్తుందని మిషనరీ అధ్యాపకులు చేసే విమర్శ ఆ యువకుణ్ణి బాధించింది. దానికి సమాధానంగానే 1908లో ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతిశాస్త్రంపై వ్యాసం రాశారు. కానీ పాశ్చాత్యులను ఒప్పించాలంటే శాస్త్ర వాక్యాలు వల్లిస్తే చాలదు. వారి తర్కంతో, వారి పరిభాషలో మాట్లాడాలి. అందుకోసం ఆయన ఐరోపా తత్త్వశాస్త్రాన్ని క్షుణ్ణంగా చదివారు.

ఆ రోజుల్లో ఐరోపా అంతటా మారుమోగుతున్న పేరు బెర్గ్‌సన్. 1859లో పారిస్‌లో పుట్టిన ఆయన 1907లో 'క్రియేటివ్ ఎవల్యూషన్' గ్రంథం ప్రచురించారు. 1911లో దాని ఇంగ్లీషు అనువాదం వచ్చింది. ఆయన చెప్పిన ప్రధాన విషయాలు రెండు. మొదటిది కాలం గురించి. గడియారం కొలిచే కాలం వేరు, మనం అనుభవించే కాలం వేరు అన్నారాయన. నీళ్ళలో చక్కెర వేస్తే అది కరిగేదాకా మనం ఆగాల్సిందే. ఆ ఎదురుచూపు గడియారంలో కనిపించదు. గల్ఫ్‌లో ఉన్నవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. రెండేళ్ళ కాంట్రాక్టు కాగితం మీద అందరికీ రెండేళ్ళే. సెలవు కోసం, ఇంటి నుంచి వచ్చే ఫోను కోసం ఎదురుచూసే మనిషికి ఆ రెండేళ్ళ బరువు వేరు.

రెండవది జ్ఞానం గురించి. బుద్ధి వస్తువును ముక్కలు చేసి, బయటి నుంచి కొలిచి తెలుసుకుంటుంది. నిత్యం ప్రవహించే జీవితాన్ని అలా పట్టుకోలేము. దానిని లోపలి నుంచి నేరుగా గ్రహించే శక్తి ఒకటి ఉంది, అదే అంతర్దృష్టి అన్నారు బెర్గ్‌సన్. ఈ మాట రాధాకృష్ణన్‌ను ఆకర్షించడంలో ఆశ్చర్యం ఏముంది? అనుభవం, సాక్షాత్కారం అని మన పెద్దలు చెప్పినదానికి దగ్గరైన ఆలోచన ఒక ఆధునిక ఐరోపా తత్త్వవేత్త నోట, సైన్సు తెలిసినవాడి నోట వినబడింది.

అయితే ఆయన ఆ మాటను అలాగే స్వీకరించలేదు. 1917లో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో పనిచేశారు. ఆ సంవత్సరంలోనే ఇంగ్లండు నుంచి వెలువడే ప్రసిద్ధ తత్త్వశాస్త్ర పత్రిక 'మైండ్'లో, బెర్గ్‌సన్ తత్త్వం అద్వైతమేనా అని ప్రశ్నిస్తూ ఆయన వ్యాసం అచ్చయింది. 1919లో అదే పత్రికలో మళ్ళీ బెర్గ్‌సన్‌పై రాశారు. ముప్ఫై ఏళ్ళు నిండని తెలుగు అధ్యాపకుడు, కీర్తి శిఖరాన ఉన్న ఫ్రెంచి పండితుడిని పట్టుకుని మీ వాదాన్ని చివరిదాకా తీసుకువెళితే అది ఏకతత్త్వానికే చేరాలి కదా అని నిలదీశాడు! ఈ వాదనలను 1920లో వచ్చిన 'ది రెయిన్ ఆఫ్ రెలిజియన్ ఇన్ కాంటెంపరరీ ఫిలాసఫీ' గ్రంథంలో విస్తరించి, చివరి అధ్యాయంలో ఉపనిషత్తుల మార్గాన్ని ముందుంచారు.

1929 నాటి హిబ్బర్ట్ ఉపన్యాసాల ఆధారంగా 1932లో 'యాన్ ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్' వెలువడింది. బెర్గ్‌సన్ ప్రభావం అందులో స్పష్టంగా కనిపిస్తుంది, విభేదం కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది. బెర్గ్‌సన్ బుద్ధినీ అంతర్దృష్టినీ ఎదురెదురుగా నిలబెట్టారు. రాధాకృష్ణన్ దృష్టిలో అవి రెండూ విరోధులు కావు. బుద్ధి పరిపక్వమైనప్పుడు అంతర్దృష్టి అవుతుంది. శాస్త్రవేత్త కొత్త సత్యాన్ని కనుగొనడంలో, కవి రచనలో, ధర్మసంకటంలో సజ్జనుడు తీసుకునే నిర్ణయంలో, భక్తుని అనుభూతిలో పనిచేసేది ఈ శక్తే అన్నారు.

దీనిపై ఆక్షేపణ లేకపోలేదు. శంకరులకు శ్రుతి ప్రధాన ప్రమాణం కాగా, రాధాకృష్ణన్ అనుభవానికే పెద్దపీట వేసి వేదాంతాన్ని పాశ్చాత్యుల అభిరుచికి తగినట్లు మలిచారని కొందరు పండితులు విమర్శించారు. ఆ విమర్శలో నిజం కొంత ఉంది. ప్రతిభ, ప్రజ్ఞ, అనుభవం అనే వేర్వేరు మాటలకు ఒకే ఇంగ్లీషు మాట వాడితే వాటి తేడాలు కొంత చెరిగిపోతాయి. ఇతరుల భాషలో మన మాట చెప్పుకోవడానికి చెల్లించవలసిన మూల్యం అది. కానీ ఆ ప్రయత్నం చేయకపోతే వేదాంతంలో నీతి లేదన్న మాటకు జవాబు పాశ్చాత్యుల చెవిన పడేదే కాదు.

బెర్గ్‌సన్ వెలుగు మన పొరుగువారిపై కూడా పడింది. మహాకవి ఇక్బాల్ 1928 చివర, 1929 మొదట మద్రాసు, మైసూరు, హైదరాబాదులలో ఇస్లాం తాత్త్విక చింతనపై ఉపన్యాసాలు ఇచ్చారు. వాటిలో బెర్గ్‌సన్ కాలసిద్ధాంతాన్ని మెచ్చుకుంటూనే, జీవశక్తికి లక్ష్యం లేదనడాన్ని ఆయన ఖండించారు. ఒకే ఫ్రెంచివాడిని చదివి ఒకరు ఉపనిషత్తుల వైపు, మరొకరు ఖురాన్ వైపు తిరిగి తమ ఇంటి దీపాన్ని పెద్దది చేసుకున్నారు. హిందూ ముస్లింలు, భారతీయులు పాకిస్తానీలు ఒకే వీధిలో బతికే బహ్రెయిన్‌లో ఈ సంగతి తలచుకోదగినది.

ఇంకొక విశేషం. నానాజాతి సమితి ఏర్పాటు చేసిన అంతర్జాతీయ మేధో సహకార సంఘానికి 1922లో తొలి అధ్యక్షుడు బెర్గ్‌సన్. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ వంటివారు అందులో సభ్యులు. 1931లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయిన ఏడాదే, రాధాకృష్ణన్ ఆ సంఘంలో సభ్యులయ్యారు. దాని వారసురాలు యునెస్కో. 1948-49లో యునెస్కో కార్యనిర్వాహక మండలికి రాధాకృష్ణన్ అధ్యక్షత వహించారు. బెర్గ్‌సన్ అప్పటికి లేరు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో 1941 జనవరి 4న ఆయన కన్నుమూశారు.

మన పిల్లలు అరబ్బీ, ఇంగ్లీషు, హిందీల నడుమ పెరుగుతున్నారు. తెలుగు ఎక్కడ మరచిపోతారోనని మనకు బెంగ. ఆ బెంగ సహజమే. తలుపులు మూసుకుంటే అది తీరదు. రాధాకృష్ణన్ పరాయి ఆలోచనను ఇంటికి పిలిచారు, పీట వేసి కూర్చోబెట్టారు, గౌరవంగానే వాదించారు. ఆయన అలా వాదించగలిగింది తన ఇంట్లో ఏమున్నదో తనకు తెలుసు కనుక. మన పిల్లలకు ముందు మనింటి సంపద చూపిద్దాం. ఆపైన ప్రపంచంలోని ఏ పుస్తకమైనా ధైర్యంగా వారి చేతికి ఇవ్వవచ్చు.