హిచ్ దగ్గరే ఆగిపోయిన చరిత్ర

మీ కారుకి బ్రేకు వేసినప్పుడు లోపల ఎన్ని పనిచేస్తాయో ఎప్పుడైనా లెక్కేశారా? చక్రాలు పట్టేసి జారకుండా ఏబీఎస్, బండి అడ్డం తిరగకుండా స్టెబిలిటీ కంట్రోల్, టైర్లో గాలి తగ్గితే దీపం వెలిగించే సెన్సర్. ఇప్పుడు అదే కారు వెనకాల ఒక క్యాంపింగ్ ట్రైలర్ తగిలించండి. మంచాలు, స్టవ్వు, నీళ్ళ ట్యాంకు, వంట సామాను అన్నీ కలిపి దాదాపు కారంత బరువు. అదీ అదే రోడ్డు మీద, అదే వేగంతో వస్తోంది. కానీ చాలా ట్రైలర్లలో పైన చెప్పినవాటిలో ఒక్కటీ ఉండదు. ఉండేది ఓ పాతకాలపు డ్రమ్ బ్రేకు, ఎండలో ఎండుతున్న టైరు. అంతే.

ఇలా ఎందుకయింది అని కొన్నాళ్ళుగా తెగ చదివాను. నాకు అర్థమైంది ఒక్క ముక్కలో చెప్పాలంటే, గత వందేళ్ళలో వచ్చిన ప్రతి మెరుగుదలా కారు దాకా వచ్చి, హిచ్ దగ్గర ఆగిపోయింది. ముందున్న అప్లికేషన్‌ని పాతికసార్లు అప్‌గ్రేడ్ చేసి, దాని వెనకాల వేలాడే పాత బ్యాచ్ జాబ్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోకపోవడం మనవాళ్ళకి తెలియని విషయమేం కాదు కదా :)

మొదట్నుంచీ మొదలెడదాం. సరదా కోసం ఇంటిని చక్రాల మీద పెట్టుకుని తిరిగినవాళ్ళలో తొలి పేరుగా చెప్పేది విలియం గోర్డన్ స్టేబుల్స్‌ది. బ్రిటిష్ నౌకాదళంలో డాక్టరుగా చేసి రిటైరై, పిల్లల కథలు రాసుకునేవాడు. 1885లో బ్రిస్టల్‌లో 'వాండరర్' అనే బండి చేయించుకుని, రెండు గుర్రాలు కట్టి, ఇంగ్లండు నుంచి స్కాట్లండు దాకా వెళ్ళాడు. దానికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు 'నేల మీద పడవ'. ఓడలు బళ్ళూ బళ్ళు ఓడలూ అవుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు!

ఆ రోజుల్లో బరువు బళ్ళకి అసలు సమస్య ఎక్కడం కాదు, దిగడం. ఎడ్లబండి తోలినవాళ్ళని అడగండి, చెప్తారు. పల్లంలో బండి ఎద్దుల్ని వెనకనుంచి తోస్తుంది, కాడి మెడ మీద నుంచి కొమ్ముల మీదకి జరుగుతుంది. అందుకే యూరప్‌లో వెనక చక్రం కింద గొలుసుతో కట్టిన ఇనప చెప్పు ఒకటి పెట్టి, చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ దిగేవాళ్ళు. గమనించండి, అప్పుడు బ్రేకు ఉన్నది లాగే గుర్రానికి కాదు, లాగబడే బండికి. బరువు ఎక్కడుంటే బ్రేకు అక్కడే ఉండాలన్న ఇంగితం గుర్రపుబళ్ళ వాళ్ళకి ఉంది. మోటారు వచ్చాక మనం మర్చిపోయింది ఇదే.

1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చింది. దాని కాలి బ్రేకు చక్రాలని నేరుగా పట్టుకునేదే కాదు, గేర్‌బాక్సులో ఒక పట్టీని బిగించేది. తననే అంతంతమాత్రంగా ఆపుకునే ఆ కారు వెనకాల జనం గుడారపు ట్రైలర్లు తగిలించారు. 1919లో ఫ్లారిడాలోని టాంపాలో 'టిన్ క్యాన్ టూరిస్ట్స్' అని సంఘమే పెట్టేసుకున్నారు. అవి తేలిక బళ్ళు, నెమ్మది కార్లు, కాబట్టి ఎలాగో నడిచిపోయింది.

తర్వాత బరువు పెరిగింది. 1929లో డెట్రాయిట్ దగ్గర ఆర్థర్ షెర్మన్ అనే బాక్టీరియాలజిస్టు, కొన్న గుడారపు ట్రైలర్ నచ్చక గట్టి గోడల ట్రైలర్ చేయించుకున్నాడు. దాన్ని పిల్లలు 'కవర్డ్ వ్యాగన్' అంటే అదే కంపెనీ పేరయింది. 1936కల్లా అది దేశంలోకెల్లా పెద్ద ట్రైలర్ కంపెనీ. అదే ఏడాది వాలీ బయమ్ అల్యూమినియం తొడుగుతో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ తెచ్చాడు. ఇరవై ఏళ్ళలో సగం అమెరికా ట్రైలర్లలోనే కాపురం ఉంటుందని రోజర్ బాబ్సన్ అనే ఆర్థిక జోస్యుడు చెప్పేశాడు కూడా. (ఆర్థికవేత్తల జోస్యాలు అప్పుడూ ఇంతే!)

గుడారం పోయి ఇల్లు వచ్చింది. మరి ఆ ఇంటిని ఆపేదెవరు?

విస్కాన్సిన్ రాష్ట్రం బెలాయిట్‌లో ఆర్థర్ వార్నర్ అని ఒకాయన ఉండేవాడు. సోదరుడితో కలిసి కార్లకి స్పీడోమీటర్లు చేసి డబ్బు గడించాడు. 1909లో విమానం కొనుక్కుని తనకు తనే ఎగరడం నేర్చుకున్న మొండిఘటం. 1927లో ఎలక్ట్రిక్ బ్రేకుల కంపెనీ పెట్టాడు. ఆ బ్రేకు ఎలా పనిచేస్తుందో చూస్తే నాకైతే ముచ్చటేసింది. కారునుంచి ఒక తీగ వెనక్కి వస్తుంది. కరెంటు రాగానే డ్రమ్ములో ఉన్న చిన్న అయస్కాంతం, తిరుగుతున్న డ్రమ్ముకి అతుక్కుంటుంది. డ్రమ్ము దాన్ని తనతో పాటు పక్కకి లాక్కెళ్తుంది. ఆ లాగుడుకి ఒక లివరు కదిలి బ్రేకు షూలని డ్రమ్ముకేసి నొక్కుతుంది. అంటే చక్రాన్ని ఆపే బలం చక్రం తిరుగుడులోంచే వస్తోంది. తీగ పంపించేది కబురు మాత్రమే. 10, 12 అంగుళాల డ్రమ్ముల్లో ఒక్కో అయస్కాంతం తీసుకునేది సుమారు 3 ఆంపియర్లు.

ఇవాళ అమెరికా రోడ్ల మీద ఎక్కువ క్యాంపింగ్ ట్రైలర్లలో ఉన్నది ఈ సూత్రమే. యూరప్ వాళ్ళు వేరే దారి పట్టారు. అక్కడ కారు నెమ్మదిస్తే ట్రైలర్ ముందుకి తోసుకొస్తుంది కదా, ఆ తోపుడుతోనే హిచ్ దగ్గరున్న కడ్డీ బ్రేకుని లాగుతుంది. 750 కిలోల లోపు బండికి బ్రేకు అక్కర్లేదు, 3,500 కిలోల దాకా ఈ తోపుడు బ్రేకు చాలు అని నిబంధన.

ఆలోచన మంచిదే, చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. ఈ బ్రేకుకి ఎంత కరెంటు పంపాలో ముందున్న కారు చెప్పాలి. పాతకాలపు కంట్రోలర్లు కారు బ్రేకు ఆయిల్ గొట్టానికి చిల్లి పెట్టి, అక్కడి ఒత్తిడిని బట్టి కరెంటు పంపేవి. కాలు ఎంత గట్టిగా తొక్కితే ట్రైలర్ అంత గట్టిగా ఆగేది. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాసులో బాష్ వారి ఏబీఎస్ వచ్చింది, క్రమంగా అన్ని కార్లకీ పాకింది. ఏబీఎస్ ఉన్న గొట్టానికి చిల్లి పెట్టకూడదు. అంటే కారు మరింత భద్రమయ్యే కొద్దీ ట్రైలర్‌కి దానితో ఉన్న సంబంధం తెగింది! తర్వాత వచ్చిన చవక కంట్రోలర్లు, బ్రేకు దీపం వెలిగితే టైమర్ ప్రకారం కరెంటు పెంచుకుంటూ పోయేవి. నువ్వు మెల్లిగా తొక్కావా, ప్రాణం మీదకొచ్చి తొక్కావా అన్నది వాటికి పట్టదు. వేగం తగ్గుదలని కొలిచి కరెంటు పంపేవి వచ్చాక కాస్త ఊరట. 2005లో ఫోర్డ్ తన సూపర్ డ్యూటీ ట్రక్కుల్లో కంట్రోలర్‌ని ఫ్యాక్టరీలోనే పెట్టింది. తెగిన సంబంధం మళ్ళీ అతుక్కోవడానికి అంతకాలం పట్టిందన్నమాట.

ఇక చట్టం సంగతి. ఎయిర్ బ్రేకులున్న పెద్ద ట్రైలర్లకి అమెరికా కేంద్ర ప్రభుత్వపు బ్రేకు ప్రమాణం ఉంది. కార్లకి ఉంది. మధ్యలో ఉన్న మన ఎలక్ట్రిక్ బ్రేకు ట్రైలర్ ఇన్ని అడుగుల్లో ఆగి తీరాలి అనే తయారీ ప్రమాణం మాత్రం లేదు. బ్రేకు ఉండాలా వద్దా అన్నది రాష్ట్రానికో రకం. క్యాలిఫోర్నియాలో క్యాంపింగ్ ట్రైలర్ 1,500 పౌండ్లు ఉంటే బ్రేకు ఉండాలి. టెక్సాస్‌లో 4,500 పౌండ్ల దాకా అక్కర్లేదు. భౌతికశాస్త్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒకటేనని నా నమ్మకం.

టైర్ల కథ ఇంకా చిత్రం. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల కింద ట్రెడ్ ఊడిపోయి బళ్ళు పల్టీలు కొట్టి జనం చచ్చిపోయారు. అదే ఏడాది నవంబరులో ట్రెడ్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. దాని పుణ్యమా అని కారు టైర్ల పరీక్షలు కఠినమయ్యాయి. 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ గాలి తగ్గితే చెప్పే సెన్సర్ తప్పనిసరి అయింది. మరి పక్కమీద 'ఎస్‌టీ' అని రాసుండే ట్రైలర్ టైర్లో? ఆ కఠిన ప్రమాణంలోంచి వాటిని పేరుపెట్టి మరీ మినహాయించారు. అవి పాత ప్రమాణంలోనే ఉండిపోయాయి. గాలి సెన్సర్ నిబంధన ట్రైలర్లకి వర్తించదు. 2012 మోడళ్ళ నుంచి తప్పనిసరైన స్టెబిలిటీ కంట్రోల్ కూడా కార్లకీ చిన్న ట్రక్కులకే.

నిజానికి ఎక్కువ కష్టపడేది ట్రైలర్ టైరే. ఏడాదిలో పది నెలలు ఒకే చోట ఎండకి నిలబడుతుంది. కదిలిన రోజున దాదాపు తన పూర్తి సామర్థ్యం మోస్తుంది. రెండు ఇరుసుల బండయితే మలుపు తిరిగినప్పుడల్లా పక్కకి ఈడ్చుకుపోతుంది. గాలి కొంచెం తగ్గినా గోడలు ఎక్కువ వంగుతాయి, వేడి పుడుతుంది, ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. కారు టైరు దిగితే స్టీరింగ్ చెబుతుంది. ట్రైలర్ టైరు దిగితే పక్క లేన్‌లో వాడు హారన్ కొట్టి చెప్పాలి.

పైగా వేగం. వేరే అంకె రాసి లేకపోతే ఎస్‌టీ టైరుకి గంటకి 65 మైళ్ళే హద్దు. దేశమంతా 55 మైళ్ళ వేగపరిమితి ఉన్న రోజుల్లో (అది 1974లో వచ్చింది) ఈ హద్దు గురించి బెంగపడాల్సిన పనిలేదు. 1995లో కేంద్రం ఆ పరిమితి ఎత్తేసింది. ఇప్పుడు పశ్చిమ టెక్సాస్‌లో ఐ-10 మీద 80. వేగం 65 నుంచి 80కి పోతే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. ఈమధ్య 75, 81, 87 మైళ్ళ రేటింగుతో ఎస్‌టీ టైర్లు దొరుకుతున్నాయి గానీ పాత ట్రైలర్ కింద ఏముందో వంగి చదవాల్సిందే.

ఇదంతా నేనెందుకు చదివానంటే, డాలస్‌లో మేం నాలుగు కుటుంబాలవాళ్ళం కలిసి ఒక పాత ట్రైలర్ కొందామనుకున్నాం. పూర్తి బరువు 3,500 పౌండ్లు. అమ్మేవాడు మంచివాడే. "టైర్లు చూడండి, కొత్తవాటిలా ఉన్నాయి" అన్నాడు. నిజమే, గాడి అరగలేదు. నేను పడుకుని టైరు పక్కమీద డాట్ కోడ్ చదివాను. చివరి నాలుగంకెలు 3514. అంటే 2014లో 35వ వారంలో తయారైంది. పదేళ్ళ పైమాటే. బ్రేకుల గురించి అడిగితే "ఈ రాష్ట్రంలో ఈ బరువుకి అవే అక్కర్లేదు" అన్నాడు. చట్టప్రకారం ఆయన మాట అక్షరాలా నిజం. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే కుడి చక్రానికి 3 ఆంపియర్లు, ఎడమ చక్రానికి సున్నా. గ్రౌండ్ తీగ తుప్పు పట్టి ఊడిపోయింది. ఆ బండిలో సామాను వేసుకుని, ముందు కార్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని కొండదారిలో దిగడాన్ని ఊహించుకోండి. ధర తగ్గించుకుని కొన్నాం. స్పేర్‌తో సహా మూడు టైర్లూ మార్చాం, తీగ బాగుచేయించాం. అప్పటిదాకా హిచ్ తగిలించలేదు.

లాంగ్ వీకెండుకి ట్రైలర్ అద్దెకి తీసుకునే మనవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళ కోసం నాలుగు మాటలు:

డాట్ కోడ్ చదవండి. ఐదారేళ్ళు దాటిన టైరుని గాడి ఎంత బాగున్నా నమ్మకండి.

గాలి చల్లగా ఉన్నప్పుడు, బయల్దేరే రోజు పొద్దున్నే చూడండి. లోడ్ రేంజ్ సి టైరుకి సాధారణంగా 50 పీఎస్ఐ, డికి 65, ఇకి 80. కారుకి పెట్టే 35 దీనికి పెట్టారో, వేడితో చంపినట్టే.

చక్రం నట్లు బిగించాక 10, 25, 50 మైళ్ళ దగ్గర మళ్ళీ బిగించి చూడమంటారు ఇరుసులు చేసేవాళ్ళు. డ్రమ్ బ్రేకుల్ని మొదటి 200 మైళ్ళకీ, ఆ తర్వాత ప్రతి 3,000 మైళ్ళకీ సర్దాలి. బేరింగులకి ఏడాదికోసారి, లేదా 12,000 మైళ్ళకి గ్రీజు మార్చాలి.

ఖాళీ రోడ్డు మీద 20–25 మైళ్ళ వేగంలో కంట్రోలర్ మీద మీట నొక్కి ట్రైలర్ బ్రేకు ఒక్కటే వెయ్యండి. వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టు తెలియాలి. తెలియకపోతే వెనక్కి తిరిగి వచ్చెయ్యండి.

బండి విడిపోతే తనంతట తానే బ్రేకు పడేలా చేసే పిన్ను, దాని చిన్న బ్యాటరీ చూసుకోండి. వాణిజ్య వాహనాల ఫెడరల్ నిబంధనల ప్రకారం ఆ బ్రేకు కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలి. చచ్చిన బ్యాటరీ పావు నిమిషం కూడా పట్టదు.

"ఏడాదికి పది రోజులు తిరిగే బండికి ఇన్ని హంగులు పెడితే ఎవడు కొంటాడు?" అని కంపెనీల వాదన ఎలాగూ ఉంటుంది. పది రోజులు తిరిగే బండి మిగతా మూడొందల యాభై రోజులూ పాడవుతూనే ఉంటుందని నా వాదన. ఎక్కువ తిరిగే బండి కన్నా నిలబడి ఉండే బండినే ఎక్కువ చూసుకోవాలి. చట్టం హిచ్ దాటి ఎప్పుడు వస్తుందో తెలియదు, 2000లోలాగా పెద్ద ఘోరం ఏదో జరిగితేగానీ రాదేమో. ఈలోగా ఆ నాలుగంకెలు చదవడానికి ఒక్క నిమిషం చాలు. కాస్త వంగాలి, అంతే.